మిరప బస్తాలో మా ఆయన గొంతు

ముందుగా ఒక మాట. నేను అక్షరాలు నేర్చుకున్నది అరవైకి దగ్గరపడ్డాక. కిందికి పోవలసిన ఒత్తు ఒక్కోసారి పక్కకి పోతుంది, దీర్ఘాలు మరిచిపోతాను. నేనొక పేజీ రాసేలోపు మా మరిది యలమంద తోటంతా నీళ్ళు పెట్టి, ఇంటికొచ్చి, అన్నం తిని పడుకుంటాడు. తప్పులుంటే మీరే సర్దుకుని చదవండి. నాకు చదువు చెప్పిన నగ్మా "నువ్వు మాట్లాడినట్టే రాయి పెద్దమ్మా" అంది. నేను మాట్లాడినట్టు రాస్తే కాగితాలు చాలవు కాబట్టి తగ్గించే రాస్తున్నాను.

మా ఆయన పేరు చెంచయ్య. ఈ పేరు నేను నోటితో ఎన్నడూ అనలేదు, ఇప్పుడూ అనను. రాయడం అనడం కిందికి రాదని నగ్మాని అడిగి ఖాయం చేసుకున్నాకే రాశాను. ఆయనా నా పేరు అనేవాడు కాదు. ఇంట్లో ఉంటే "ఏమే" అనేవాడు. పొలంలో దూరంగా ఉంటే మా అమ్మాయి పేరు పెట్టి "దుర్గా" అని కేకేసేవాడు. ఆ పిల్ల పెళ్ళి చేసుకుని మంగళగిరి వెళ్ళిపోయాక కూడా అలాగే కేకేసేవాడు. మంగళగిరిలో ఉన్న పిల్లని పత్తి చేలో పిలిస్తే నేను పలికేదాన్ని. మావైపు మా వయసు వాళ్ళంతా ఇంతే, ఇందులో వింతేమీ లేదు.

వింతేమిటంటే, మిగతా ఊరందరి పేర్లూ పిలవడం ఆయన పని. పెళ్ళిళ్ళలో చదివింపులు ఆయనే చదివేవాడు. భోజనాలయ్యాక పందిట్లో ఓ బల్ల వేస్తారు. బంధువులు వరసగా వచ్చి తెచ్చిన కానుక ఇస్తుంటే ఒకరు చీటీ రాస్తారు, ఇంకొకరు ఆ చీటీ చూసి మైకులో పిలుస్తారు. ఏ ఊరి వాళ్ళు, ఎవరు, ఏం చదివించారు. మా ఆయన ఊరి పేరు సాగదీసి, మనిషి పేరు గట్టిగా అని, వస్తువు చెప్పేముందు కాస్త ఆగేవాడు. ఆ ఆగడంలో పందిరంతా చెవులు నిక్కబొడుచుకునేది. గోడ గడియారాన్ని కూడా ఆయన నోట వింటే ఏదో మాన్యం రాసిచ్చినట్టు ఉండేది. పెళ్ళి ముహూర్తం పెట్టించుకునేముందు ఆ రోజు చెంచయ్య ఖాళీగా ఉన్నాడో లేదో కనుక్కునేవాళ్ళు.

తొంభై ఎనిమిది మాఘంలో యలమంద కూతురు శ్రీరమ్య పెళ్ళయింది. మా ఇంటి తరఫున మిక్సీ చదివించాం, అది ఆయన పేరు మీదే. నేను మిరప కల్లాల్లో తాలుకాయలు ఏరిన కూలితో ఓ స్టీలు బిందె కొని దాచాను. నా చేత్తో నేను ఎత్తుకున్న పిల్ల, నా పేరు మీద ఒకటి ఉండాలనిపించింది. బల్ల ఎత్తేసే వేళకి తీసుకెళ్ళి పెట్టాను. చీటీ రాసే ఆయన నవ్వుతూ రాసి మా ఆయన ముందుకు తోశాడు.

మైకు ఆగిపోయింది. ఆయన చీటీ వంక చూస్తున్నాడు. పందిట్లో ఒక్కొక్కరికీ సంగతి అర్థమై నవ్వులు మొదలయ్యాయి. యలమంద వెనకనుంచి "చదవన్నా, అక్షరాలు మర్చిపోయావా" అన్నాడు. ఆయన దగ్గాడు. మళ్ళీ దగ్గాడు. తర్వాత, ఎవరో మంత్రిగారి భార్యని పిలిచినట్టు పిలిచాడు.

"మన గ్రామ వాస్తవ్యురాలు, శ్రీమతి వెంకటరావమ్మ గారు, వధువుకి, స్టీలు బిందె."

గారు కూడా పెట్టాడు. పెట్టి, మైకు బల్ల మీద పడేసి మంచినీళ్ళ డ్రమ్ము దగ్గరికి వెళ్ళిపోయాడు. ఇంటికొచ్చాక ఆ ఊసే లేదు. పొద్దున్నే మళ్ళీ "ఏమే, కాఫీ" అన్నాడు.

ఆ పెళ్ళి వీడియో తీసింది జాన్ బాషా, నగ్మా భర్త. అతనికి పర్చూరులో స్టూడియో ఉంది. చుట్టుపక్కల ఏ ఊళ్ళో పుట్టినా, చచ్చినా, ఓణీ వేసినా, పందెంలో ఎద్దులు గెలిచినా జాన్ బాషా రావాల్సిందే. కొన్నేళ్ళకి కంప్యూటరు కొన్నాడు. క్యాసెట్లకి బూజు పడుతోందనీ, అన్నీ తెచ్చిస్తే కంప్యూటర్లో పెడతాననీ, అందులోకి వెళితే ఇక చావన్నది లేదనీ ఊరూరా తిరిగి చెప్పాడు. అందరం తెచ్చిచ్చాం. అతను అన్నీ ఎక్కించి ఖాళీ అయిన క్యాసెట్లని తిరిగిచ్చాడు. అవి ఖాళీ కాలేదని, బొమ్మ వాటిలో కూడా అలాగే ఉంటుందని మాలో ఎవరికీ తెలియదు. గిన్నెలోంచి పప్పు వంపుకున్నట్టే అనుకున్నాం.

యలమంద తన కూతురి పెళ్ళి క్యాసెట్టు పగలగొట్టి, టేపంతా లాగి, జొన్నచేను చుట్టూ కర్రలకి కట్టాడు. గాలికి ఆ టేపు జుయ్యిమని మోగుతుంది, ఎండకి తళతళలాడుతుంది, పిట్టలు బెదిరిపోతాయి. మావైపు అందరూ కడతారు.

మా ఆయన రెండువేల ఏడులో పోయాడు. కల్లం దగ్గర మంచం మీద కూర్చుని బీడీ వెలిగించుకున్నవాడు వెలిగించుకున్నట్టే ఒరిగాడు. ఆయన పోయాక ఇంటికొచ్చిన కాగితం చదివే దిక్కు లేక నేను నగ్మా దగ్గర పలక పట్టాను. ఆవిడ స్టూడియో వెనక గదిలో నాలాంటి ఆడవాళ్ళకి చదువు చెప్పేది. ఒకరోజు పాఠం అయ్యాక జాన్ బాషా ఏదో వెతుకుతూ ఆ పెళ్ళి వేశాడు. చదివింపులు వచ్చాయి. నా పేరు వచ్చింది. నేను పలక కింద పెట్టేసి "ఆఁ" అన్నాను.

అప్పటినుంచీ సంతరోజున పర్చూరు వెళ్ళినప్పుడల్లా స్టూడియోలో ఆ ముక్క వేయించుకుని వినేదాన్ని. జాన్ బాషా నాకోసం ఓ స్టూలు వేసి ఉంచేవాడు. పాస్‌పోర్టు ఫోటో దిగడానికొచ్చిన వాళ్ళు నా వెనక నిలబడి వినేవాళ్ళు. బతికున్నంత కాలం ఒక్కసారే పిలిచిన మనిషి, పోయాక వారానికోసారి పిలుస్తున్నాడు. నాకు అంతకంటే ఏమీ అక్కర్లేదు.

ఏప్రిల్లో ఒక సంతరోజున వెళితే జాన్ బాషా తల పట్టుకుని కూర్చున్నాడు. కంప్యూటరు డబ్బాలోంచి ఎవరో లోపల తాళంచెవితో కొడుతున్నట్టు టక్కు టక్కుమని చప్పుడు. హార్డ్ డిస్క్ పోయిందన్నాడు. అంటే ఏమిటన్నాను. ఎక్కించినవన్నీ దాన్లోనే ఉంటాయట. అరచేతిలో పట్టేంత ఇనప డబ్బా.

"ఇందులోకి వస్తే చావు లేదన్నావుగా" అన్నాను.

"మనుషులకి లేదన్నాను పెద్దమ్మా. డబ్బాకి ఉంటుందనుకోలేదు" అన్నాడు.

నాకు మొదట గుర్తొచ్చింది జొన్నచేను. ఇద్దరం ఆటో ఎక్కి యలమంద పొలానికి వెళ్ళాం. పంట కోసేశారు, కర్రలు మాత్రం నిలబడి ఉన్నాయి. టేపు ముక్కలు రెండు మూడు వేలాడుతున్నాయి. జాన్ బాషా ఒక ముక్క వేలికి చుట్టి ఎండకేసి చూశాడు. నల్లదనమంతా రాలిపోయి వట్టి రిబ్బనులా తెల్లగా ఉంది. యలమంద మా వెనకే వచ్చాడు. అన్న గొంతు ఆ టేపులో ఉందని విని నోరు తెరిచాడు. కాసేపటికి, ఇన్నేళ్ళూ తన చేలో ఒక్క చిలక వాలకపోవడానికి కారణం ఇప్పుడు తెలిసిందన్నాడు. అన్న గొంతంటే గొంతే వదినా, అని కళ్ళు తుడుచుకున్నాడు కూడా.

డిస్కు తీసుకుని ముగ్గురం గుంటూరు వెళ్ళాం. బ్రాడీపేటలో కంప్యూటర్లు బాగుచేసే అతను దాన్ని చెవి దగ్గర పెట్టుకుని డాక్టరులా విన్నాడు. లోపల తిరగాల్సిందేదో వేడికి పట్టేసిందనీ, తన వల్ల కాదనీ చెప్పాడు. నేను కదలకుండా కూర్చునేసరికి ఒక చిట్కా చెప్పాడు. కొన్నాళ్ళు బాగా చల్లగా, తడి తగలకుండా ఉంచితే ఒక్కోసారి కాసేపు తిరుగుతుందట. మళ్ళీ వేడెక్కేలోపు కావలసింది దించుకోవాలట. ఫ్రిజ్‌లో పెట్టుకోమన్నాడు.

నగ్మా ఫ్రిజ్‌లో పెట్టాం. కానీ అది ఏప్రిల్. కరెంటు ఉన్నంతసేపు ఐసు కట్టేది, లేనంతసేపు కారేది. డిస్కు పక్కన పెట్టిన పెరుగు పులిసిపోయింది. ఇది పని కాదని జాన్ బాషా అంటుంటే యలమంద తొడ చరిచాడు. ఎర్రకాయ రంగు పోకుండా రెండేళ్ళు దాచుకుంటున్నాం కదా, పిడికెడు ఇనుముని దాచలేమా, ఏసీలో పెడదాం అన్నాడు.

మావైపు కోల్డ్ స్టోరేజీని ఏసీ అనే అంటారు. మిరప రైతుకి పాడవకూడనిది ఏదైనా ఉందంటే అది ఏసీలో ఉండాలి. ఆ మాట వినగానే మా ముగ్గురికీ ప్రాణం లేచొచ్చింది. ఇంతసేపూ ఎందుకు తోచలేదా అనుకున్నాం.

చిలకలూరిపేట రోడ్డులో ఉన్న ఏసీకి వెళితే వాచ్‌మన్ మరియదాసు గేటు దగ్గరే ఆపాడు. లోపల మిర్చి తప్ప ఇంకేదీ పెట్టరట. పెట్టాలంటే బస్తా ఉండాలి, బస్తాలో కాయ ఉండాలి, బస్తా మీద రైతు మార్కు ఉండాలి. డిస్కుని చేతిలోకి తీసుకుని తిప్పి చూసి, ఇది ఏ రకం అని అడిగాడు.

ఇంటికొచ్చి యలమంద కల్లంలో మంచి తేజ రకం కాయ ఒక బస్తాకి ఎత్తాం. డిస్కుని పాలిథిన్ కవరులో చుట్టి, ఆయన పొలానికి తీసుకెళ్ళే క్యారేజీ గిన్నెలో పెట్టి, మూత బిగించి, కాయల మధ్యలో పూడ్చాం. నేనే బస్తా మూతి కుట్టాను. మార్కు ఏం వేద్దామని యలమంద అడిగితే నేను మాట్లాడలేదు. అతనే బ్రష్షుతో గోతాం మీద పెద్ద అక్షరాలతో "చెంచయ్య" అని రాశాడు. ఏసీ ఆఫీసులో గుమస్తా రైతు పేరు అడిగితే, నేను తల వంచుకుని బస్తా వైపు చెయ్యి చూపించాను. చదువుకుని రాసుకున్నాడు.

అలా మా ఆయన ఏసీలో చేరాడు.

ఊళ్ళో ఈ సంగతి తెలిసేసరికి, డిస్కులో ఉన్నది ఆయనొక్కడే కాదని అందరికీ గుర్తొచ్చింది. పోయిన తాతలు, తప్పిపోయిన కోడెలు, పెళ్ళినాడు సన్నగా ఉన్న పెళ్ళాలు, అంతా అందులోనే. ఒక్కొక్కరే చూడ్డానికి వెళ్ళడం మొదలుపెట్టారు. ఆస్పత్రిలో మనిషిని చూడ్డానికి చేతులూపుకుంటూ వెళ్ళం కదా. మా వీధిలో ఉండే ఆదెమ్మ డజను అరటిపళ్ళు తీసుకెళ్ళింది. ఇంకొకరు బ్రెడ్డు, ఇంకొకరు కొబ్బరిబోండాం. మరియదాసు మొదట్లో విసుక్కున్నాడు కానీ పళ్ళు తనకే వస్తుంటే సాయంత్రం నాలుగు నుంచి అయిదు దాకా అని వేళ పెట్టాడు. ఎలా ఉన్నాడని అడిగితే, పొద్దుట చూశాననీ, చల్లగా ఉన్నాడనీ చెప్పేవాడు.

కొత్తపట్నం నుంచి ఆయన మేనత్త కూతురు ఏడుస్తూ దిగింది. చెంచయ్యని ఇంకా ఏసీలోనే ఉంచారని ఎవరో చెప్పారట. ఏడాది దాటినా దహనం చెయ్యలేదా అని నా భుజాలు పట్టుకుని ఊపింది. దహనమైందనీ, ఇది గొంతు మాత్రమేననీ చెప్పాను. ఆవిడ ఇంకా గట్టిగా ఏడ్చింది.

మే నెలలో కాయ ధర లేచింది. ధర లేస్తే ఏసీల ముందు లారీలు బారులు తీరతాయి. ఒకరోజు పొద్దున నేను పొయ్యి దగ్గర ఉండగా మరియదాసు యలమంద సెల్లుకి ఫోను చేశాడు. యలమంద ఫోను నాకిచ్చాడు.

"అమ్మా, మీ ఆయన్ని లారీ ఎక్కించేశారు. నేను అడ్డం పడ్డా వినలేదు. యలమందగారి బస్తాలతో కలిపి వేశారు, గుంటూరు మిర్చి యార్డుకంట."

యలమంద తన సరుకు అమ్మమని కమీషను ఏజెంటుకి చెప్పుకున్నాడట. తన బస్తాల పక్కనే ఈ బస్తా ఉన్న సంగతి చెప్పడం మరిచిపోయాడు. పొయ్యి మీద అన్నం అలాగే వదిలేసి బయలుదేరాం. మేం యార్డుకి చేరేసరికి బస్తాలు దించి వరసగా పెట్టి, మూతులు కోసి, కొనేవాళ్ళు చేతులు పెట్టి కాయ చూస్తున్నారు. ఆ ఘాటుకి కళ్ళు కనిపించవు. నేను తుమ్ముకుంటూ ఒక్కో బస్తా మీద అక్షరాలు కూడబలుక్కుంటూ నడిచాను. అక్షరాలు నేర్చుకున్నాక నాకు వాటితో పడ్డ మొదటి అవసరం అదే. అన్నిటి మీదా యలమంద మార్కే. చివర్లో "చెంచ" కనిపించింది, తక్కింది మడతలో ఉంది.

అప్పటికే ఒక లావుపాటి వ్యాపారి అందులో మోచేతి దాకా చెయ్యి పెట్టి ఉన్నాడు. చెయ్యి బయటికి తీస్తే గిన్నె వచ్చింది. బరువు కోసం బస్తాల్లో ఇనుము పెడుతున్నారని అరిచాడు. చుట్టూ మనుషులు మూగారు. హమాలీలు బస్తాలు దించేసి వచ్చారు. ఏజెంటు పరువు పోయిందంటూ తువ్వాలు నేలకేసి కొట్టాడు. మూత తియ్యండి, ఏముందో చూద్దామన్నాడు వ్యాపారి. తీస్తే వేడి తగులుతుందని నేను గిన్నె లాక్కుని పవిటలో పెట్టుకున్నాను.

"ఏముందమ్మా అందులో?"

"మా ఆయన."

వ్యాపారి గబగబా చెయ్యి కడుక్కోవడానికి నీళ్ళు అడిగాడు. యలమంద ముందుకొచ్చి మొత్తం చెప్పాడు. చదివింపుల సంగతీ, జొన్నచేనూ, బ్రాడీపేటా అన్నీ. వాళ్ళెవరికీ హార్డ్ డిస్కు అంటే తెలియదు కానీ, పెళ్ళాం పేరు మైకులో పిలిచాడనగానే అందరూ కదలకుండా విన్నారు. ఆ వ్యాపారి, తనైతే ఆ చీటీ మింగేసి ఉండేవాణ్ణని అన్నాడు. అతనే ఐసు ఫ్యాక్టరీ నుంచి ఒక దిమ్మ తెప్పించి ఊకలో పెట్టించి ఇచ్చాడు.

ఇక ఆలస్యం చెయ్యకూడదని జాన్ బాషా అన్నాడు. బయటికి తెచ్చి తిప్పితే ఎండాకాలపు వేడికి వెంటనే పట్టేస్తుంది. కంప్యూటరునే ఏసీలోకి తీసుకెళదామన్నాడు. మేనేజరు మొదట ఒప్పుకోలేదు. తర్వాత తన రెండో పిల్ల అన్నప్రాసన కూడా ఆ డిస్కులోనే ఉందని అతనికే గుర్తొచ్చింది.

మర్నాడు మధ్యాహ్నం కంప్యూటరు ఆటోలో వచ్చింది. వెనకే ట్రాక్టరులో ఊరు వచ్చింది. మే నెల ఎండలో అందరూ దుప్పట్లు, రగ్గులు కప్పుకుని ఉన్నారు. పేటలో రోడ్డు మీద జనం ఆగి చూశారు. లోపల బస్తాలు తాటిచెట్టంత ఎత్తున పేర్చి ఉన్నాయి. మధ్య సందులో రెండు బస్తాల మీద కంప్యూటరు పెట్టారు. వణుకు ఒకవైపు, ఘాటు ఒకవైపు. ఒకరు తుమ్మితే ఆ తుమ్ము బస్తాల వరసల్లోంచి తిరిగి మనకే వినపడుతుంది.

జాన్ బాషా డిస్కు తగిలించి మీట నొక్కాడు. టక్కు మంది. మళ్ళీ టక్కు మంది. తర్వాత సన్నగా, మెత్తగా తిరగడం మొదలుపెట్టింది. ఎవరూ ఊపిరి తియ్యలేదు, తీస్తే తుమ్మొస్తుందని కూడా.

ఎంతసేపు తిరుగుతుందో తెలియదనీ, ముందు ఏది దించాలో చెప్పమనీ అన్నాడు జాన్ బాషా. అంతే, మొదలైంది. ఆదెమ్మకి పందెంలో గెలిచిన తన ఎద్దుల జత కావాలి. రెండూ పోయాయి, ఆ డిస్కులో తప్ప ఇంకెక్కడా గుర్తు లేదంది. మేనేజరుకి అన్నప్రాసన కావాలి. యలమందకి కూతురి తాళి కట్టే ఘట్టం కావాలి. ఒకాయనకి వాళ్ళ నాన్న శవం దగ్గర తను ఏడుస్తున్న ఫోటో కావాలి, లేకపోతే ఏడవలేదని అన్నదమ్ములు అంటున్నారట. మాటలు పెరిగి, రగ్గులు జారి, ఒకరి మీద ఒకరు తుమ్ముకుంటున్నారు. డిస్కు తిరుగుతూనే ఉంది. దాని చప్పుడులో సన్నటి గీరుడు మొదలవడం నాకు వినిపించింది. ఏడాదిగా ఆ స్టూలు మీద కూర్చుని వింటున్నదాన్ని, దాని ఊపిరి నాకు తెలుసు.

నేను బస్తా ఎక్కి నిలబడ్డాను.

"మీలో శ్రీరమ్య పెళ్ళికి రానివాళ్ళు ఎవరో చెయ్యెత్తండి" అన్నాను.

ఎవరూ ఎత్తలేదు. మేనేజరు కూడా వచ్చాడట, ఏదో వరసన.

"వచ్చినవాళ్ళంతా చదివించారుగా. అందరి మొహాలూ, అందరి పేర్లూ ఆ చదివింపుల ముక్కలోనే ఉన్నాయి. పోయినవాళ్ళు కూడా అప్పటికి ఉన్నారు. విడివిడిగా తీస్తే ఒక్కరిదే వస్తుంది. అది తీస్తే ఊరంతా వస్తుంది. ఆదెమ్మా, మీ ఆయన ఆ రోజు ఎద్దుల్ని కూడా పందిట్లోకి తోలుకొచ్చాడు, గుర్తుందా?"

ఆదెమ్మ నన్ను ఎగాదిగా చూసింది. "అక్కా, నీ బిందె కోసం ఊరందర్నీ కలుపుతున్నావు" అంది.

"కలుపుతున్నాను. నీ పేరు ముందే వస్తుంది. నాది చివర్లో ఉంది. అందరిదీ వచ్చాకే నాకు" అన్నాను.

అది నిజం. నా ముక్క రావాలంటే వాళ్ళందరివీ ముందు రావాలి. జాన్ బాషా మొదలుపెట్టాడు.

బొమ్మ మొదట్లోనే చిక్కుకుపోయింది. యలమంద నోట్లో గారె సగం పెట్టుకుని, ఇంకో చేత్తో వడ్డించేవాణ్ణి పిలుస్తున్న చోట ఆగిపోయి ఇక కదల్లేదు. మొహాలు రాలేదు, ఎద్దులు రాలేదు. కానీ గొంతు వస్తోంది. గారె తింటున్న యలమంద మీదుగా మా ఆయన ఒక్కొక్కరినే పిలుస్తున్నాడు. ఇంకొల్లు వాస్తవ్యులు. పర్చూరు వాస్తవ్యులు. పిలిచిన ప్రతి ఒక్కరూ తమ పేరు రాగానే దుప్పట్లోంచి "ఉన్నా" అన్నట్టు తలెత్తుతున్నారు. పోయినవాళ్ళ పేరు వస్తే వాళ్ళ తాలూకు మనిషి తలెత్తుతున్నాడు. ఆదెమ్మ మొగుడి పేరు రాగానే ఆవిడ ముక్కు చీదుకుంది, అది ఘాటుకో దేనికో నేను అడగలేదు.

గీరుడు పెద్దదవుతోంది. జాన్ బాషా ఐసు దిమ్మ దగ్గరికి జరిపాడు. మరియదాసు గోనెపట్టాతో విసురుతున్నాడు. మిక్సీ వచ్చింది. గోడ గడియారం వచ్చింది. ఇక ఒకటే ఉంది.

నిశ్శబ్దం. పందిట్లో నవ్వులు. యలమంద గొంతు, "చదవన్నా, అక్షరాలు మర్చిపోయావా". నా పక్కనున్న యలమంద సిగ్గుపడ్డాడు. దగ్గు. డిస్కు టక్కు మంది. నేను కళ్ళు మూసుకున్నాను. రెండో దగ్గు.

"మన గ్రామ వాస్తవ్యురాలు, శ్రీమతి వెంకటరావమ్మ గారు,"

వస్తువు చెప్పేముందు ఆయన ఎప్పుడూ ఆగినట్టే ఆగాడు. అందరం చెవులు నిక్కబొడుచుకున్నాం. ఆ ఆగడంలోనే డిస్కు ఆగిపోయింది. మళ్ళీ తిరగలేదు.

కాసేపు అందరూ నా మొహం చూశారు. నేను నవ్వుతున్నానని అర్థమయ్యాక ఆదెమ్మ, "బిందె మాట రాలేదుగా అక్కా. ఇచ్చావని రుజువేదీ?" అంది. ఆ రోజు నుంచీ మా ఊళ్ళో ఆడవాళ్ళు నేను శ్రీరమ్య పెళ్ళిలో ఉత్త చేతులు చదివించానని అంటున్నారు. శ్రీరమ్యని అడిగితే, బిందె సొట్ట పడితే పాత సామాన్లవాడికి వేశానంది. ఆధారం అటూ పోయింది.

డిస్కుని యలమంద విప్పదీశాడు. లోపల అద్దంలా మెరిసే చక్రాలున్నాయి. జొన్న వేశాక వాటిని దారం కట్టి చేలో వేలాడదీశాడు. చిలకలు ఈ ఏడు కూడా రాలేదట.

తర్వాతి ఏడు మా ఊళ్ళోకి చైనా ఫోన్లు వచ్చాయి. గుడి మైకంత గట్టిగా మోగుతాయి. ఆ రోజు డిస్కు ఆగేలోపు దించుకున్న గొంతుని జాన్ బాషా ముక్కలుగా కోసి ఎవరి పేరు వాళ్ళ ఫోనులో పెట్టాడు. ఇప్పుడు మా ఊళ్ళో ఎవరికి ఫోనొచ్చినా మా ఆయనే పిలుస్తాడు. పత్తి చేలో పిలుస్తాడు, బస్సులో పిలుస్తాడు. మొన్న ఒకరి కర్మలో అందరూ కళ్ళు మూసుకుని ఉంటే, పోయినాయన ఫోను కొడుకు జేబులో మోగి, మా ఆయన ఆ పోయినాయన్నే ఊరి పేరుతో సహా పిలిచాడు.

నా ఫోనులో నా పేరు పెట్టారు. మా అమ్మాయి దుర్గ సాయంత్రం పూట మంగళగిరి నుంచి చేస్తుంది. ఎంతసేపు మోగినా ఎత్తవేమిటే అమ్మా, చెవులు పోయాయా అని తిడుతుంది. చెవులు బాగానే ఉన్నాయి. "శ్రీమతి వెంకటరావమ్మ గారు" అని ఆగుతాడు. మళ్ళీ మొదటినుంచి అంటాడు. నేను ఎత్తితే ఆపేస్తాడు. అందుకని ఫోను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటాను. దుర్గ విసిగి పెట్టేశాక నేనే తిరిగి చేస్తాను.

వెంకటరావమ్మ, అరవై నాలుగేళ్ళు, పర్చూరు దగ్గర మా ఊళ్ళోనే, యలమంద ఇంటి పక్క రేకుల ఇంట్లో ఉంటున్నాను.